భయ్యా పంపిన పైసలు

ఫిబ్రవరి 3

పొద్దున దుకాణానికి పోతూ పోస్టాఫీసు ముందు జేబా భాభీని చూశాను. పింఛన్ వరుసలో నిలబడి ఉంది. నకాబ్ దించుకుంటే ఎవరూ గుర్తుపట్టరనుకుంది కాబోలు. ఆ చెప్పులు నాకు తెలియవా? పోయిన రంజాన్‌కు అమ్మీకి నేను కొనిచ్చినవి. అమ్మీ పాదాలకు బిగువైతే కోడలికి ఇచ్చేసింది. వరుసలో ఉన్న ఒక ముసలామెను మెల్లగా అడిగాను.

"గామెకా? ఒంటరి మహిళ పింఛన్ బిడ్డా. మూడేండ్ల సంది మాతోనే వస్తాంది" అంది.

ఒంటరి మహిళట. మా ముజఫ్ఫర్ భయ్యా సౌదీలో నిక్షేపంగా ఉన్నాడు. పోయి ఐదేళ్లయినా రాలేదంటే కఫీల్, అక్కడి యజమాని, పాస్‌పోర్టు ఇవ్వడం లేదు కాబట్టి. ఆయన పెళ్లాం ఇక్కడ మొగుడు వదిలేశాడని సర్కారుకు చెప్పి నెలకు రెండు వేల పదహారు రూపాయలు తీసుకుంటోంది. బతికున్న మొగుణ్ని లేనివాణ్ని చేయడానికి నోరెలా వచ్చిందో.

ఆమె వేరే గది తీసుకుని ఉంటుంది, సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మాత్రం అమ్మీ పక్కన కూర్చుని ఉంది. "అమ్మీ, ఆయన పంపిండు" అని రెండు వేలు చేతిలో పెట్టింది. అమ్మీ నోట్లను కళ్లకద్దుకుంది. పొద్దున సర్కారు పైసలు, సాయంత్రం సౌదీ పైసలు. మహారాణి. అయినా సౌదీలో ఏసీలు బాగుచేసేవాడు రెండు వేలే పంపుతాడా? పదో పదిహేనో పంపుతుంటే ఈవిడ రెండు వేలు మా మొహాన కొట్టి మిగతాది దాచుకుంటోంది. ఇన్నాళ్లూ అనుమానం, ఇప్పుడు ఖాయం.

అమ్మీకి పింఛన్ సంగతి చెప్పలేదు. చెబితే కోడలి వైపే మాట్లాడుతుంది. ఆమెకు తెలుగు చదవడం రాదు, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. ఇంట్లో మాది ఉర్దూ తెలుగు కలిసిన మాట. తిట్టుకోవడానికి మాత్రం నాకు బడిలో నేర్చిన తెలుగే బాగుంటుంది.

ఫిబ్రవరి 4

కాళ్లు వాచాయి. పెళ్లి బట్టల గిరాకీ. మా దుకాణంలో స్టూళ్లు కొనేవాళ్లకే. అమ్మేవాళ్లు కూర్చుంటే లక్ష్మి వెళ్లిపోతుందని ఓనరు శ్యామలమ్మ గారి నమ్మకం. ఆమెకు గల్లాపెట్టె ముందు మెత్తటి కుర్చీ ఉంది, ఆ కుర్చీ వల్ల లక్ష్మికి ఇబ్బంది లేదు.

ఇవాళ చీరలు మడతపెడుతుంటే అంది: "సర్కారు గిట్ల ఇంట్ల కూసోబెట్టి పింఛన్లు ఇచ్చుకుంట పోతే పనికి ఎవరొస్తరే నాజియా? నీ అసువంటోళ్లు ఎందరున్నరు?"

"నిజమే అమ్మా" అన్నాను. నాకు చాలా సంతోషమైంది. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా నిలబడితే ఏడు వేల ఐదు వందలు. అందులో ఇంటి కిరాయి, కరెంటు, అమ్మీ షుగర్ గోలీలు. ఆమెకేమో వేలిముద్ర వేస్తే రెండు వేలు.

రెండేళ్ల కింద నేనూ వెళ్లి అడిగాను. పెళ్లి కాని ఆడవాళ్లకూ ఇస్తారు కదా అని. పట్నాల్లో అయితే ముప్పై ఐదు నిండాలన్నారు. నాకింకా నిండలేదు. పెళ్లి కాకపోవడానికి కూడా వయసు రావాలట. అమ్మీకి ముసలివాళ్ల పింఛన్ అడిగితే ఆధార్‌లో వయసు తక్కువ పడిందన్నారు. ఈ ఇంట్లో అబద్ధం చెప్పడం వచ్చినవాళ్లకే వచ్చింది.

ఫిబ్రవరి 9

శుక్రవారం, జుమ్మా. అమ్మీ స్టీలు డబ్బా తీసి, భయ్యా పైసల్లోంచి చిల్లర మార్పించి, మసీదు ముందు కూర్చునేవాళ్లకు ఖైరాత్ ఇచ్చి వచ్చింది. ప్రతి ఒక్కరికీ కొడుకు పేరు చెప్పి ఇస్తుంది. వాళ్లు దువా చేస్తే ఆమె నడక మారిపోతుంది.

"నెలాఖరు వస్తే ఇంట్ల నూనె ఉండది, నువ్వు ఖైరాత్ పంచుతున్నవా?" అన్నాను.

"నీ జీతం ఇంటికి బేటీ. వాని పైసలు నా ఇజ్జత్‌కు" అంది.

నా జీతంతో వచ్చిన అన్నం తింటూనే అంది.

ఫిబ్రవరి 12

పని అయిపోయింది. సోమవారం కాబట్టి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుందని, శ్యామలమ్మ గారికి అమ్మీకి బాగాలేదని చెప్పి నాగర్‌కర్నూల్ వెళ్లాను. ఆడవాళ్లకు బస్సు ఖర్చేమీ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. అర్జీ నేనే రాశాను. నా దస్తూరి బాగుంటుంది. జేబా అనే ఆమె భర్త సౌదీలో ఉన్నాడు, నెలనెలా డబ్బు పంపుతున్నాడు, విచారించి న్యాయం చేయగలరు. కింద నా పేరు రాశాను, నేనేం దొంగను కాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అలా కూర్చుని చాలా రోజులైంది.

ఫిబ్రవరి 18

భయ్యా ఫోన్ చేశాడు. ఎప్పుడూ ఏదో కొత్త నంబరు. అమ్మీ స్పీకర్ పెట్టి "పైసలు అందినయ్ బేటా" అంది. ఆయన కాసేపు ఆగి "అచ్ఛా అమ్మీ" అన్నాడు. అంతే, పని ఉందని పెట్టేశాడు. పాపం, భయ్యాది మొదటి నుంచీ తక్కువ మాట. పంపింది చెప్పుకోవడం కూడా రాదు.

నాకు అర్జీ సంగతి చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఫలితం తేలాక చెబుదాంలే.

ఫిబ్రవరి 21

ఎవరూ రాలేదు.

ఫిబ్రవరి 27

వచ్చారు. మున్సిపల్ ఆఫీసు నుంచి ఇద్దరు, పొద్దున్నే, నేనింకా దుకాణానికి బయలుదేరలేదు. భాభీ గదికి వెళ్లి ఆమెను వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చారు. అమ్మీ వాళ్లకు కుర్చీలు వేయించి, నాతో చాయ్ పెట్టించింది. కొడుకు గురించి అడగడానికి సర్కారు నుంచి మనుషులు వచ్చారంటే ఆమెకు అదేదో గొప్ప సంగతి.

"నీ కొడుకు యాడ ఉన్నడమ్మా?" అని అడిగారు.

"సౌదీల ఉన్నడు సాబ్. నెల నెలా పంపుతడు. ఒక్క నెల తప్పలే. అల్లా గసువంటి కొడుకును అందరికీ ఇయ్యాలె" అంది అమ్మీ. డబ్బా తెచ్చి కూడా చూపించబోయింది.

అప్పుడా ఆఫీసరు భాభీ వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు మా దగ్గర రాయించింది వేరే. మీ అత్తమ్మ గిట్ల చెప్తాంది. ఏది నిజం?"

భాభీ అమ్మీని చూసింది. అమ్మీ నవ్వుతూ, చెప్పు బేటీ, చెప్పు అన్నట్టు తల ఊపుతోంది. భాభీ దుపట్టా కొసను వేలికి చుట్టుకుంది.

"పంపుతడు సార్" అంది చివరికి.

రాసుకుని సంతకం పెట్టించుకున్నారు. చాయ్ కప్పులు తీస్తుంటే పాట పాడుకోవాలనిపించింది. నలుగురి ముందు ఒప్పించాను, అదీ నా ఇంట్లో, నేను పెట్టిన చాయ్ చల్లారకముందే. అమ్మీకి ఏం జరిగిందో కూడా తెలియలేదు. "మంచిగ మాట్లాడిండ్రు పాపం" అంది.

ఫిబ్రవరి 28

ఇవాళ కాళ్ల నొప్పే తెలియలేదు.

మార్చి 9

భాభీ పేరు తీసేశారు. పోస్టాఫీసు వరుసలో ఆ చెప్పులు లేవు. కావాలనే రెండుసార్లు ఆ దారిన పోయాను.

మార్చి 15

రంజాన్ మొదలైంది. రోజా ఉండి నిలబడటం కష్టంగానే ఉంది. మధ్యాహ్నం పట్టుచీరల అరలు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.

భాభీ ఈ నెల ఇంకా రాలేదు. భయ్యా పైసలు వచ్చే ఉంటాయి. పింఛన్ పోయిందన్న అక్కసు అమ్మీ మీద తీర్చుకుంటోంది. తీర్చుకోనీ. ఎన్నాళ్లు దాస్తుందో చూస్తాను.

మార్చి 29

అమ్మీ డబ్బా తీసి, చూసి, మూసేసింది. జుమ్మాకు ఖైరాత్ లేదు. మసీదు ముందు వాళ్లు అడుగుతారని పొద్దున్నుంచీ గుమ్మం దాటలేదు.

"వానికేమన్న అయిందేమో. జర పోయి బహూను అడగరాదు" అంది.

"నేను పోను" అన్నాను. రంజాన్ నెలలో ముసలామె పైసలు మింగినదాని గుమ్మం నేను తొక్కాలా?

ఏప్రిల్ 5

తొక్కాను. ఇవాళ అల్విదా జుమ్మా, రంజాన్‌లో చివరి శుక్రవారం, ఖాళీ చేతులతో ఎట్లా అని అమ్మీ ఏడ్చింది. నేను సగం పూట సెలవడిగి నేరుగా భాభీ గదికి వెళ్లాను. మిషన్ ముందు కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. పక్కన ఇంకా కుట్టాల్సిన చీరలు గుట్టగా ఉన్నాయి, మా దుకాణం కవర్లే. కూర్చోమంది, నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"భయ్యా పైసలు ఏడ పెట్టినవ్?" అన్నాను.

"బంద్ పెట్టిండ్రు గద" అంది.

"నేనడిగేది పింఛన్ కాదు. భయ్యా పైసలు."

"నేను చెప్పేది గూడ గదే."

నాకు అర్థం కాలేదు. ఆమె దారం కొరికి, చీర పక్కన పెట్టి, నా మొహం చూసింది. అప్పుడర్థమైంది. అర్థమైనా "ఏం మాట్లాడుతున్నవ్?" అని అరిచాను.

అరవకుండా చెప్పింది. భయ్యా సౌదీలో ఉన్నది రెండేళ్లేనట. అక్కడి నుంచి తిరిగొచ్చాక ఇక్కడికి రాలేదు. రాయచూరులో ఇంకొకామెతో ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. బస్టాండు వెనక ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం. భాభీ ఒకసారి వెళ్లి కళ్లారా చూసి వచ్చింది. అమ్మీకి మాత్రం ఆయన సౌదీ నుంచే అన్నట్టు ఫోన్ చేస్తున్నాడు.

"మరి ఆఫీసోళ్లు అడిగితే పంపుతడని ఎందుకన్నవ్?"

"అమ్మీ ముందల ఏమనాలె?"

"ఇన్నేండ్ల సంది నీ పింఛన్ తెచ్చి ఆమె చేతుల ఎందుకు పెట్టినవ్? ఎవరడిగిండ్రు నిన్ను?"

"ఆయన పంపిండని చెప్పినన్ని రోజులు నేను ఆ ఇంటి కోడల్ని. లేకుంటే ఎవర్ని? మొగుడు ఇడిసిపెట్టిన ఆడిదాన్ని. ఫాల్స్ కుట్టుకుంటే నా తిండికి ఎల్తది. నీ నోటికే భయపడ్డ నాజియా." సూదిలో దారం ఎక్కిస్తూ అంది, "అర్జీ మీద పేరు గూడ చూసిన. ఆ ఆఫీసరు నా ముందలనే చదివిండు."

అంటే ఆ రోజు నేను చాయ్ అందిస్తున్నప్పుడు ఆమెకు తెలుసు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె ఇఫ్తార్‌కు ఖర్జూరాలు పెట్టింది, తినలేకపోయాను.

ఏప్రిల్ 6

"అచ్ఛా అమ్మీ" అన్నాడు. పైసలు అందాయంటే "అచ్ఛా అమ్మీ" అన్నాడు. తను పంపలేదని వాడికి తెలియదా? ఎవరు ఇస్తున్నారని ఒక్కసారి అడిగాడా? అచ్ఛా అమ్మీ.

ఏప్రిల్ 8

నాగర్‌కర్నూల్ వెళ్లాను. ఎన్నికల కోడ్ ఉంది, ప్రజావాణి లేదు అన్నారు. తిరిగి వచ్చి మున్సిపల్ ఆఫీసుకు పోయి ఆ వచ్చినతన్ని పట్టుకున్నాను. నా అర్జీ తప్పు సార్, మా భయ్యా నిజంగానే వదిలేశాడు అన్నాను. చిరాకుపడ్డాడు.

"నీ కాయితం మీదనే తీసేస్తిమి. మళ్ల నీ మాట మీదనే పెట్టాల్నా? ముసలామె పంపుతడన్నది, ఈమె ఒప్పుకున్నది. ఆ ముసలామెను తోల్కొచ్చి కొడుకు ఇడిసిపెట్టిండని చెప్పియ్యి, కోడ్ పోయినంక చూద్దాం."

భాభీకి చెబితే చేతిలో కత్తెర కింద పెట్టింది. "అమ్మీకి చెప్పినవంటే మళ్ల మీ గడప తొక్క. నాకు పింఛనే వద్దు" అంది.

ఈ నెల జీతంలోంచి రెండు వేలు తీసి అమ్మీకి ఇచ్చాను. "భయ్యా పంపిండు. భాభీకి జ్వరమొచ్చి లేటయింది" అన్నాను. అమ్మీ నోట్లను కళ్లకద్దుకుని, "నేను చెప్పలే? నా కొడుకు మర్వడు" అంది. నేను పదేళ్లుగా జీతం తెచ్చి ఇస్తున్నాను. ఒక్కసారీ కళ్లకద్దుకోలేదు.

నాకు వాడి గొంతు పిసకాలని ఉంది.

ఏప్రిల్ 11

ఈద్. భాభీ వచ్చింది, ముగ్గురం షీర్ ఖుర్మా తాగుతుంటే వాడు ఫోన్ చేశాడు. అమ్మీ స్పీకర్ పెట్టింది. "పైసలు అందినయ్ బేటా." వాడిది అదే మాట. "అచ్ఛా అమ్మీ."

భాభీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఫోన్ లాక్కుని, ఎన్నడూ లేనంత తీయగా మాట్లాడాను.

"ఈద్ ముబారక్ భయ్యా. వచ్చే నెల సంది మూడు వేలు పంపుతా అన్నవంట గద. అమ్మీకి నీ నోటితోని చెప్పు, ఖుష్ అయితది."

"సచ్చీ బేటా?" అమ్మీ ఫోన్ మీదికి వంగింది.

అవతల ఎవరో పసిపిల్లవాడు ఏడుస్తున్నాడు, తలుపు వేసిన చప్పుడు. నేను ఎదురుచూశాను. కాదంటే అమ్మీ ముందు కాదనాలి. ఔనంటే పంపాలి. ఎటు పోయినా గోడే.

"హా అమ్మీ... పంపుత" అన్నాడు.

ఫోన్ తీసుకుని వాకిట్లోకి వచ్చి స్పీకర్ తీసేశాను. "రాయచూరుల ఎండలు ఎట్లున్నయ్ భయ్యా?" అన్నాను.

కట్ చేశాడు. నేను లోపలికి వచ్చి ఇంకో గిన్నె షీర్ ఖుర్మా తాగాను. ఇన్నేళ్లలో నాకు దక్కిన మంచి ఈదీ, పండగ కానుక, ఇదే. భాభీ మాత్రం నవ్వలేదు. "గిదెందుకు చేసినవ్? మొదలువెడితే ఆపరాదు నాజియా, నాకు ఎరుకే" అంది. ఆమెది పిరికి గుండె.

ఏప్రిల్ 25

పంపుతాడు. భయపడ్డాడు కాబట్టి పంపుతాడు. నెలాఖరు దాకా చూద్దాం.

ఏప్రిల్ 30

ఈద్‌కు వాడు చేసిన నంబరు స్విచాఫ్.

మే 2

స్విచాఫ్. అమ్మీ మసీదు ముందు కూర్చునే వాళ్లందరికీ ముందే చెప్పేసిందట, ఈ జుమ్మాకు ఎక్కువ ఇస్తానని.

మే 3

జీతం రోజు. పొద్దున శ్యామలమ్మ గారిని ఒక వెయ్యి పెంచమని అడిగాను. నోరు తెరిచి అడగడం ఇదే మొదటిసారి.

"ఏడున్నర వేలు తక్కువనా? ఇంట్ల కూసున్నోళ్లకు సర్కారు రెండు వేలిస్తాంది. దానికి మూడింతల కంటే ఎక్కువనే ఇస్తున్న గద" అంది.

అంటే కూర్చున్నవాళ్లకు ఇచ్చేదాన్ని బట్టి నిలబడ్డవాళ్లకు కొలుస్తున్నారు. నాకు ఇన్నాళ్లూ ఆ రెండు వేలే కనపడ్డాయి, కొలిచే చేయి కనపడలేదు. వెళ్లి కొనేవాళ్ల స్టూలు మీద కూర్చున్నాను. "ఏందే, లే" అంది. "చాయ్ తాగి లేస్తా అమ్మా" అన్నాను. నెమ్మదిగా తాగాను. పెళ్లివాళ్లు వచ్చారు, చీరలు కొన్నారు, లక్ష్మి ఎక్కడికీ పోలేదు. ఉద్యోగం పోతుందేమో తెలియదు, తాగినంతసేపు మాత్రం చాలా హాయిగా ఉంది.

మధ్యాహ్నం అన్నం వేళకు ఇంటికి వచ్చి అమ్మీ చేతిలో మూడు వేలు పెట్టాను. ఇంకేం చేయను? వాడిని పట్టిద్దామని నేను పన్నిన వలలో నేనే పడ్డాను.

"చూసినవా?" అంది అమ్మీ. కళ్లకద్దుకుంది, ముద్దు పెట్టుకుంది, డబ్బాలో పెట్టింది. "మూడు వేలంటే మూడు వేలే. మాట తప్పడు నా కొడుకు."

తరువాత ఇంటి ఖర్చుకని మిగిలింది ఇచ్చాను. ఆమె వేళ్లతో తడిమి చూసింది.

"గింతేనా? జీతం తగ్గించిండ్రా?"

"ఔ అమ్మీ."

"వాని పైసలు పెరుగుతాంటే నీ జీతం తగ్గుతాందేందే? నిమ్మలంగ పని చేస్కోక నోరు జేసినవా యాడనన్న? జర మీ భయ్యాను చూసి నేర్చుకో."

పళ్లెం ముందు కూర్చున్నదాన్ని లేచి చేయి కడుక్కున్నాను. అప్పుడే నిశ్చయించుకున్నాను. భాభీకి చెప్పలేదు, చెబితే కాళ్లు పట్టుకుని ఆపుతుంది. నేను పగతో చేయడం లేదు. భాభీ పింఛన్ తిరిగి రావాలంటే అమ్మీ నోటితో చెప్పాలి, చెప్పాలంటే కళ్లతో చూడాలి. అందుకే తీసుకుపోతున్నాను. అందుకే. బస్టాండు వెనక దుకాణం, షట్టరు ముందు నిలబడి అమ్మీ "బేటా" అని పిలిస్తే వాడు తలెత్తే క్షణం నేను పక్కనే ఉండాలి. "అచ్ఛా అమ్మీ" అంటాడేమో వినాలి.

"అమ్మీ, సోమవారం భయ్యా దగ్గరికి పోదాం" అన్నాను.

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "సౌదీకా? నాకు పాస్‌పోర్టు యాడిదే?"

"పాస్‌పోర్టు వద్దమ్మీ. ఆధార్ కార్డు పెట్టుకో, చాలు. బస్సు ఫిరీనే. గద్వాల దాటినంక కర్ణాటక వస్తది, ఆడ జరంత టికెట్ తీసుకోవాలె, గంతే."

"అంటే వాపసొచ్చిండా నా కొడుకు?" అంది అమ్మీ, నా జవాబు కోసం ఆగలేదు. లేచి, పెట్టె తెరిచి, ఆధార్ కార్డు వెతుక్కుంటోంది. స్టీలు డబ్బా కూడా తీసి పక్కన పెట్టుకుంది. కొడుక్కి ఏమన్నా కొనుక్కుపోవాలట.